తరవాతి డ్యూటీ వాళ్ల కోసం

(చెన్నై టి.నగర్‌లో తెలుగు నర్సులు, నర్సింగ్ విద్యార్థినులు ఒక ఆదివారం సాయంత్రం కలుసుకున్నప్పుడు, ఉద్యోగ విరమణ చేసిన ఒక నర్సింగ్ సూపరింటెండెంట్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా, కూర్చోండి. నిలబడే ఉద్యోగమే కదా మనది, ఇక్కడ కూడా ఎందుకు?

నన్ను పిలిచిన వాళ్లు "మేడమ్, నర్సింగ్‌లో ఇంటర్నెట్, కమ్యూనికేషన్ టెక్నాలజీ గురించి మాట్లాడాలి" అన్నారు. మనిషిని తప్పు పట్టుకున్నారమ్మా అన్నాను. నలభై ఏళ్లు వచ్చేదాకా నాకు మౌస్ పట్టుకోవడం తెలీదు. మొదటిసారి పట్టుకున్నరోజు అది జరిగి జరిగి బల్ల అంచుకొచ్చేసింది, తెర మీద బాణం మాత్రం ఇంకా మధ్యలోనే ఉంది. ఇప్పుడేం చెయ్యాలని కొత్తగా చేరిన పిల్లని అడిగితే "ఎత్తి మళ్లీ ఇవతల పెట్టండి మేడమ్" అంది. [నవ్వులు] నా కంప్యూటర్ చదువు అక్కడ మొదలైంది. కాబట్టి ఏ బటన్ నొక్కాలో నేను చెప్పను, అది నాకంటే మీకే బాగా తెలుసు. ఏం రాయాలి, ఎవరి కోసం రాయాలి అనేది మాత్రం ముప్పై ఏడేళ్లు చేశాను. అది చెబుతాను.

మాది నాయుడుపేట దగ్గర పల్లె. 1988లో ఈ ఊరొచ్చాను, అప్పటికింకా మద్రాసే. చేరిన ఆసుపత్రి పేరు చెప్పను, మంచీ చెడ్డా రెండూ చెప్పబోతున్నాను కాబట్టి. అప్పట్లో మా వార్డుకి ఉన్న కమ్యూనికేషన్ టెక్నాలజీ అంతా మూడు వస్తువులు: నర్సింగ్ స్టేషన్లో ఒక నల్ల ఫోను, రిపోర్ట్ బుక్, చీటీ పట్టుకుని పరిగెత్తే ఒక వార్డ్ బాయ్. పేషెంట్ల తరఫు వాళ్లకి రోడ్డవతల ఎస్‌టీడీ బూత్. రైలు దిగి నెల్లూరు వాళ్లూ తిరుపతి వాళ్లూ మా దగ్గరికే వచ్చేవాళ్లు, తెలుగు మాట్లాడే సిస్టర్ ఉందని. రాత్రి రేటు తగ్గాక ఆ బూత్ దగ్గర వరస కట్టేవాళ్లు. లోపలున్న మనిషి "ఆపరేషన్ అయిపోయింది, బాగుంది" అని రెండు ముక్కలు అరిచి, మీటర్లో ఎర్ర అంకెలు చూసి పెట్టేసేవాడు. ఏ ఆపరేషన్, ఏం బాగుంది అన్నది ఊళ్లో వాళ్లకి తెలిసేది కాదు. ఆ "బాగుంది" అన్న మాట నన్ను చాలా ఏళ్లు వెంటాడింది. అదెందుకో తరవాత చెబుతాను.

మనం మే 12న కొవ్వొత్తులు పట్టుకుని ప్రతిజ్ఞ చేస్తాం కదా, నైటింగేల్ అమ్మగారి పుట్టినరోజని. దీపం పట్టుకున్న బొమ్మ ప్రతి నర్సింగ్ స్కూల్లోనూ ఉంటుంది. కానీ 1854లో ఆవిడ స్కుటారి ఆసుపత్రికి వెళ్లి చేసిన పనిలో దీపం ఎంతో, లెడ్జర్ అంతకంటే ఎక్కువ. ఎవరు చచ్చిపోయారు, దేనితో చచ్చిపోయారు అని లెక్కలు పోగుచేసింది. 1858లో ఆ లెక్కల్ని రంగులేసిన గుండ్రటి పటాలుగా గీసి మంత్రుల ముందు పెట్టింది. తుపాకీ దెబ్బలకి పోయినవాళ్లకంటే, ఆపగలిగిన రోగాలకి పోయినవాళ్లే ఎన్నో రెట్లు ఎక్కువని ఆ పటం ఒక్క చూపులో చెప్పేసింది. అదే ఏడాది లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో సభ్యత్వం వచ్చిన మొదటి ఆడమనిషి అయింది. ఈ మద్రాసులో, సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న జనరల్ ఆసుపత్రిలో నర్సులకి శిక్షణ మొదలైంది 1871లో. అప్పట్నించి ఇప్పటిదాకా మన చేతికి కొవ్వొత్తి ఇచ్చారు గాని గ్రాఫ్ కాగితం ఎవరూ ఇవ్వలేదు. నాకు ఆ కోపం ఇంకా తగ్గలేదు, అది నా బాధ, వదిలేయండి.

ఇప్పుడు హ్యాండోవర్ సంగతి. పొద్దున ఏడున్నరకి నైట్ డ్యూటీ సిస్టర్ కళ్లు మూతలు పడుతూ డే డ్యూటీ సిస్టర్‌కి పన్నెండు బెడ్లు అప్పజెబుతుంది. ఆ పావుగంటలో జారిపోయిన మాటే మధ్యాహ్నానికి ఎమర్జెన్సీ అవుతుంది. నర్సింగ్‌లో ఏ టెక్నాలజీ వచ్చినా, అది పేజర్ కానీ ట్యాబ్ కానీ, నేను ఒకటే చూస్తాను. ఈ మాటని తరవాతి మనిషికి అది సరిగ్గా చేరుస్తుందా? చేర్చకపోతే అది ఎన్ని లక్షలదైనా నాకు పనికిరాదు.

పేషెంట్ సంగతి ఇంకొకరికి చెప్పడానికి మీకు ఎస్‌బార్ అని నేర్పించే ఉంటారు. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో వాడిన పద్ధతి, అక్కడి ఆసుపత్రుల వాళ్లు తెచ్చుకున్నారు. దాన్ని నేను మన తెలుగులో ఇట్లా చెప్పేదాన్ని: ఇప్పుడేమైంది, ముందేం జరిగింది, నాకేమనిపిస్తోంది, మీరేం చెయ్యాలి. మొదటి రెండూ మన పిల్లకాయలు బాగానే చెబుతారు. మూడోది దగ్గర నోరు పడిపోతుంది. రాత్రి రెండింటికి డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి "సార్, నాలుగో బెడ్ పేషెంట్ కొంచెం... బీపీ కొంచెం తగ్గింది సార్" అంటారు. అవతల నిద్రలో ఉన్న మనిషికి ఆ "కొంచెం" ఏం చెబుతుంది? "చూస్తూ ఉండండి సిస్టర్" అని పెట్టేస్తాడు. అదే ఫోన్, అదే నిమిషంలో ఇట్లా చెప్పండి: "సార్, నాలుగో బెడ్, నిన్న సాయంత్రం పేగు ఆపరేషన్ అయిన ఆయన. పన్నెండింటికి బీపీ 124, ఇప్పుడు 92. నాడి 118. డ్రెయిన్ గొట్టంలో రక్తం గంటలో 200 ఎంఎల్ వచ్చింది. లోపల రక్తం కారుతోందేమో అనిపిస్తోంది. మీరొచ్చి చూడాలి." ఇంక ఆయన చెప్పులేసుకోకుండానే వస్తాడు. "నాకు అనిపిస్తోంది" అనడానికి మనకి భయం, డాక్టర్ ముందు నర్సుకి ఏం అనిపిస్తుందిలే అని పెంచారు మనల్ని. ఆ భయాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తియ్యలేదు.

ఫోన్ అన్నాం కాబట్టి ఇంకోటి. ఫోన్లో మందు ఆర్డర్ చెబితే రాసుకుని, మళ్లీ చదివి వినిపించాలి. అంకెల్ని విడివిడిగా చదవాలి. తెలుగులో పదిహేను, యాభై అంటే ఎవరూ పొరపడరు. మనం అంకెలు ఇంగ్లీషులో చెబుతాం కదా, ఫిఫ్టీన్, ఫిఫ్టీ. లిఫ్టులో ఉన్న డాక్టరు, సిగ్నల్ కోసుకుపోతూ ఉంటే రెండూ ఒకటే. "ఒకటి, ఐదు. పదిహేను మిల్లీగ్రాములు. అవునా సార్?" అని అడగండి. విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

బార్‌కోడ్ సంగతి చెబుతాను, నాకిష్టమైన కథ ఇది. చేతికి కట్టిన పట్టీని స్కాన్ చేసి, మందు పొట్లాన్ని స్కాన్ చేసి, రెండూ కలిస్తేనే మందు ఇవ్వడం మీలో చాలామందికి అలవాటే. ఇది ఏ ఇంజినీరు బుర్రలోనో పుట్టింది అనుకుంటున్నారా? అమెరికాలో కాన్సస్ రాష్ట్రం, టొపీకాలో మాజీ సైనికుల ఆసుపత్రి ఉంది. అక్కడ స్యూ కినిక్ అని ఒక నర్సు. 1992లో ఆవిడ అద్దె కారు తిరిగి అప్పజెబుతుంటే, అక్కడి పనివాడు చేతిలో చిన్న యంత్రంతో కారు మీద గీతల్ని చదివి క్షణంలో పని ముగించాడు. కారుకి ఇది చెయ్యగలిగితే పేషెంటుకి మందు ఇచ్చేటప్పుడు ఎందుకు చెయ్యకూడదు అనుకుంది. వాళ్ల ఆసుపత్రిలోనే తయారుచేసి చూశారు, 1999 నుంచి దేశంలో ఉన్న మాజీ సైనికుల ఆసుపత్రులన్నిటికీ పంపారు. కారు తాళాలు ఇచ్చి ఇంటికి పోయేవాళ్లు రోజుకి ఎంతమంది? ఆ గీతలు చూసి వార్డు గుర్తొచ్చింది నర్సుకే. ఎందుకంటే తప్పు మందు ఇచ్చేస్తానేమో అన్న భయం ఆవిడ కడుపులో ఉంది.

ఇంక రెండో సగం వినండి, ఇది అంత అందంగా ఉండదు. 2008లో ఇట్లాంటి బార్‌కోడ్ పద్ధతులున్న ఆసుపత్రుల్ని పరిశీలించి ఒక అధ్యయనం వచ్చింది. నర్సులు ఈ యంత్రాన్ని తప్పించుకునే దారులు 15 రకాలు కనబడ్డాయి. తప్పించుకోడానికి కారణాలు 31. మా వార్డులో నేను పట్టుకున్నది చెప్పనా? పేషెంట్ల చేతిపట్టీలన్నీ ఇంకో ప్రతి ప్రింట్ తీసి, మందుల ట్రాలీ పక్కన వరసగా అంటించేశారు. మంచం దగ్గరికి పోకుండానే టకటకా స్కాన్. నేను వెర్రికోపంతో అరిచాను. తరవాత ఒక నైట్ డ్యూటీ అంతా వాళ్ల వెంట తిరిగాను. అప్పుడు అర్థమైంది. స్కానర్ బ్యాటరీ రెండు గంటలకే చచ్చిపోతుంది. కారిడార్ చివరి రెండు గదుల్లో వైఫై రాదు. స్నానం చేయిస్తే పట్టీ మీద ఇంకు అలికిపోతుంది. దుప్పట్లో చెయ్యి పెట్టుకుని ఇప్పుడే నిద్రపట్టిన ముసలాయన్ని లేపి చెయ్యి లాగాలి. ముప్పైమందికి ఇద్దరు సిస్టర్లు. ఇంక ట్రాలీకి అంటించక ఏం చేస్తారు? ఆ కాగితాలు చింపేయించాను, నిజమే. కానీ చార్జర్లు తెప్పించి, వైఫై పెట్టె మార్పించి, తడికి తట్టుకునే పట్టీలు వేయించాకే మళ్లీ కోప్పడే హక్కు నాకొచ్చిందని అనుకుంటున్నాను. మీలో ఎవరైనా రేపు ఇన్‌చార్జ్ అయితే, కోపం రాకముందే ఒక రాత్రి వాళ్ల వెంట తిరగండి.

కంప్యూటర్ కేస్ షీట్ వచ్చినప్పుడు మాకు చెప్పింది, రాత పని తగ్గిపోతుందని. [నవ్వులు] చూశారా, మీరే నవ్వుతున్నారు. నాలుగేళ్లు కాగితం మీదా రాశాం, కంప్యూటర్లోనూ రాశాం. ఆడిట్‌కి కాగితం, మేనేజ్‌మెంట్‌కి కంప్యూటర్. దాని ఫలితం ఏమిటంటే, పొద్దున ఆరింటి వైటల్స్, అంటే బీపీ, నాడి, జ్వరం లాంటివి, చేతిమీద పెన్నుతో రాసుకుని, తొమ్మిదింటికి తీరిక దొరికినప్పుడు కంప్యూటర్లో కొట్టడం. ఆ మూడు గంటలూ కంప్యూటర్‌కి పేషెంట్ సంగతి తెలీదు. చేతి మీద రాతకి మాత్రం తెలుసు, అది కూడా శానిటైజర్ రాసుకునేదాకా.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. కంప్యూటర్లో నిన్నటి నోట్స్‌ని ఇవాళ్టికి తెచ్చుకునే బటన్ ఉంటుంది. పక్షవాతం వచ్చిన ఒక పెద్దావిడ, మా వైపు మనిషే. నేను ఆ వారం స్టాఫ్ తక్కువై వార్డులో డ్యూటీ చేస్తున్నాను. "చర్మం బాగుంది, పుండ్లు లేవు" అన్న వాక్యం మొదటి రోజు నేనే చూసి రాశాను. రెండో రోజు, మూడో రోజు ఆ బటన్ నొక్కాను. నాలుగో రోజు ఆవిణ్ణి పక్కకి తిప్పితే, నడుము కింద ఎముక దగ్గర చర్మం కమిలి, పైపొర లేచిపోయి ఉంది. కంప్యూటర్లో మాత్రం మూడు రోజులూ చర్మం బాగుంది. చక్కని టైపు అక్షరాలతో, తేదీతో, టైముతో, నా పేరుతో. చేత్తో రాసే రోజుల్లో అయితే కనీసం రాసేటప్పుడైనా చెయ్యి ఆగేది. ఆవిడ కూతురికి చెప్పాను, నేను చూడలేదమ్మా అని. ఆ పిల్ల ఏమీ అనలేదు. నా కళ్లలోకి మాత్రం చూడలేదు.

ఎస్‌టీడీ బూత్ దగ్గర అరిచిన ఆ "బాగుంది" నాకు గుర్తొచ్చింది అప్పుడే. ముప్పై ఏళ్ల తరవాత అదే మాట నేను కంప్యూటర్లో కొట్టాను.

ఇంకొక అబద్ధం ఉంది, దాన్ని మనందరం చెబుతాం. ఊపిరి. ఏ వార్డులోనైనా చార్ట్ తియ్యండి. ఊపిరి నిమిషానికి 18, 18, 20, 18. మనిషి ఎవరైనా, రోగం ఏదైనా, అందరూ పద్దెనిమిదే! [నవ్వులు] బీపీ యంత్రం చూపిస్తుంది, ఆక్సిజన్ వేలికి పెట్టిన క్లిప్పు చూపిస్తుంది, నాడీ అదే చూపిస్తుంది. మామూలు వార్డులో ఊపిరి మాత్రం మనం పక్కన నిలబడి, ఛాతీ చూసి, ఒక నిమిషం లెక్కపెట్టాలి. ఆ నిమిషం మన దగ్గర లేదు. అందుకని పద్దెనిమిది.

దీంతో ఏం పోతుందో చెబుతాను. పేషెంట్ పాడవుతున్నాడని ముందే హెచ్చరించడానికి బ్రిటన్ వాళ్లు 2012లో న్యూస్ అని ఒక స్కోరు పెట్టారు, 2017లో దాన్ని మార్చి న్యూస్ 2 చేశారు. మన పెద్ద ఆసుపత్రుల్లో కూడా ఇప్పుడు ఇట్లాంటివి కంప్యూటర్లో ఉంటున్నాయి. ఊపిరి, ఆక్సిజన్, ఆక్సిజన్ పెట్టామా లేదా, బీపీ, నాడి, స్పృహ, జ్వరం, వీటికి మార్కులు. మొత్తం 5 అయితే డాక్టర్ త్వరగా చూడాలి, 7 అయితే ఎమర్జెన్సీ టీమ్ రావాలి. కంప్యూటరే కూడి ఎర్రగా చూపిస్తుంది. ఊపిరి 12 నుంచి 20 లోపు ఉంటే సున్నా మార్కులు. 21 నుంచి 24 ఉంటే 2. 25, ఆపైన ఉంటే 3. మనిషి పాడవుతున్నప్పుడు చాలాసార్లు మొదట మారేది ఊపిరే, బీపీ పడిపోయేది తరవాత. ఇప్పుడు ఆలోచించండి. నిజంగా 26 ఉన్న మనిషికి మనం 18 అని రాశాం. మూడు మార్కులు సున్నా అయ్యాయి. ఎర్రగా రావలసిన పేరు కంప్యూటర్లో పచ్చగా ఉంది. డాక్టర్ తెర చూసి, పచ్చగా ఉంది కదా అని పక్క వార్డుకి పోతాడు. కాగితం రోజుల్లో కనీసం ఆయన మంచం దగ్గరికి వచ్చేవాడు. తప్పుడు అంకెని కంప్యూటర్ ఎంత వేగంగా, ఎంతమందికి పంచుతుందో చూడండి.

అలారాల గురించి ఎక్కువ చెప్పను. ఐసీయూలో ఉన్నవాళ్లకి తెలుసు, ఇంటికెళ్లి పడుకున్నా చెవిలో మోగుతూనే ఉంటాయి. అన్నీ మోగితే ఏదీ వినబడదు. పేషెంట్ తాలూకు వాళ్లు కూడా రెండు రోజుల్లో ఆ గంట ఆపే బటన్ నేర్చేసుకుంటారు. నేను చేసి చూసినవి రెండు. ఛాతీ మీద అంటించే ఎలక్ట్రోడ్లు రోజూ మార్చండి, చర్మం తుడిచి ఆరాక అంటించండి. అలారం హద్దులు ఆ మనిషికి తగ్గట్టు, డాక్టర్‌ని అడిగి పెట్టించండి. ఎప్పుడూ నాడి 54 ఉండే ఆటగాడికి 60 దగ్గర మోగేలా పెడితే రాత్రంతా మోగుతూనే ఉంటుంది, పాపం అది మాత్రం ఏం చేస్తుంది.

వాట్సాప్ గురించి అడగాలని ముందు వరసలో ఒకమ్మాయి ఇందాకట్నించి చెయ్యి ఎత్తుతోంది. చెబుతాను, అదే ఇక.

వాట్సాప్ ప్రాణాలు కాపాడడం నేను చూశాను. రాత్రి గుండెనొప్పితో వచ్చిన మనిషి ఈసీజీ ఫోటో తీసి పంపితే, కార్డియాలజిస్ట్ ఇంటి నుంచి బయల్దేరేలోపే క్యాథ్ ల్యాబ్, అంటే గుండె నాళాల్లో అడ్డు తీసే గది, తెరవమని చెప్పేశాడు. అంతకుముందు ఆ కాగితం పట్టుకుని ఎదురుచూసేవాళ్లం. అదే వాట్సాప్‌లో ఏం జరుగుతుందో కూడా చూశాను. పేషెంట్ పుండు ఫోటో మన ఫోన్లో గ్యాలరీలో పడుతుంది. ఇంట్లో పిల్లాడు ఆటలాడుకోడానికి ఫోన్ తీసుకుంటాడు. పెళ్లి ఫోటోల మధ్య ఎవరిదో ఒళ్లు. నలభైమంది ఉన్న వార్డు గ్రూపులో పేరు, బెడ్ నంబరు, హెచ్‌ఐవీ రిపోర్టు. ఆ గ్రూపులో ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన వాళ్లు కూడా ఆరుగురు ఉంటారు! 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం సంగతి అటుంచండి, మీ అమ్మ ఒంటి మీద పుండు ఫోటో నలభైమంది ఫోన్లలో ఉంటే మీకెట్లా ఉంటుంది? అడగండి, ఆసుపత్రి ఇచ్చిన ఫోన్లో తియ్యండి, ముఖం రాకుండా తియ్యండి, పేరు రాయకండి, పని అయ్యాక చెరిపేయండి. ఇదంతా నీతులు చెప్పడానికి బాగుంటుంది, నేను కూడా చాలాకాలం నా సొంత ఫోనే వాడాను. అది తప్పే.

ఎందుకు వాడానంటే, వెంకటగిరి పేషెంట్ ఒకాయన. షుగర్ పాదం, పుండు కోసి శుభ్రం చేసి పంపారు. డిశ్చార్జ్ సమ్మరీ నాలుగు పేజీలు, ఇంగ్లీషులో. రోజూ నార్మల్ సెలైన్‌తో కడిగి కట్టు కట్టాలని. పంపేటప్పుడు మా పిల్ల, తమిళ పిల్ల, పాపం తనకొచ్చిన తెలుగులో "ఉప్పునీళ్లతో కడగండి" అని చెప్పింది. వాళ్లు ఇంటికెళ్లి గ్లాసు నీళ్లలో రెండు చెంచాల రాళ్ల ఉప్పు కలిపి కడిగారు. పది రోజులకి మళ్లీ వచ్చాడు, అరుస్తూ వచ్చాడు. ఎవర్నని తప్పు పట్టాలి? సెలైన్ అంటే ఉప్పునీళ్లే కదా, మాటకి మాట సరిగ్గానే చెప్పింది.

ఆ రెండోసారి పంపేటప్పుడు ఆయన కోడల్ని కూర్చోబెట్టి ఫోన్లో వాయిస్ మెసేజ్ పెట్టాను, మన నెల్లూరు తెలుగులో, రెండు నిమిషాలు. మందుల షాపులో సెలైన్ సీసా అని అడుగమ్మా, ఇంట్లో ఉప్పు ముట్టుకోవద్దు. ముందు చేతులు సబ్బుతో కడుక్కో. ఇన్సులిన్ ఫ్రిజ్ తలుపులో పెట్టు, పైన మంచుగడ్డలుండే అరలో పెట్టావంటే పాడైపోతుంది. మూడు రోజులకొకసారి పుండు ఫోటో తియ్యి, వాకిట్లో వెలుతురులో, ట్యూబ్‌లైటు కింద వద్దు, రంగు తెలీదు. పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టు, పుండుకి తగలకుండా. బిళ్లని బట్టి పుండు పెరుగుతోందో తగ్గుతోందో మాకు తెలుస్తుంది. ఆ పిల్ల ఏడో తరగతి దాకా చదివింది. తప్పకుండా పంపింది. రూపాయి బిళ్ల పక్కన ఆ పుండు వారం వారం చిన్నదవడం మా సర్జన్ కూడా చూశాడు. డిశ్చార్జ్ సమ్మరీ నాలుగు పేజీలు చెయ్యలేని పని రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ చేసింది. ఆ తరవాత మా ఆసుపత్రి వాళ్లతో పోట్లాడి, వార్డుకొక ఫోన్, ఒక నంబరు ఇప్పించాను, నా సొంత ఫోన్ మానేశాను.

వాయిస్‌ని అక్షరాలుగా మార్చే యాప్ కూడా ఒకటి ప్రయత్నించాను, రాత పని తప్పుతుందని. "పుండు ఎర్రగా ఉంది" అన్నాను. "పండు ఎర్రగా ఉంది" అని రాసింది. [నవ్వులు] నా నెల్లూరు నాలుక తప్పో, దాని చెవి తప్పో గాని, చదవకుండా సేవ్ చేస్తే మా పేషెంట్ తోటలో ఉన్నట్టే.

మీలో కొందరు ఆంధ్రాకి తిరిగి వెళ్లిపోయి, సబ్ సెంటర్లలో ఎంఎల్‌హెచ్‌పీలుగా, అంటే మధ్యస్థాయి ఆరోగ్య సేవకులుగా, చేరతారు. అక్కడ మీ పని సగం టెలిమెడిసినే, అంటే దూరాన ఉన్న డాక్టర్‌కి తెర మీద పేషెంట్‌ని చూపించడం. 2000 మార్చి 24న చిత్తూరు జిల్లా అరగొండలో టెలిమెడిసిన్ కేంద్రాన్ని అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాదు నుంచి ప్రారంభించాడు. అరగొండని అపోలో ఆసుపత్రితో కలిపారు, ఆ ఆసుపత్రి పెట్టిన ప్రతాప్ రెడ్డిగారి సొంతూరది. అప్పట్లో పేపర్లన్నిటా వచ్చింది. నాకు మాత్రం ఒకటే ఆలోచన. ఇక్కడ తెర ముందు డాక్టర్ కూర్చుంటాడు సరే, అక్కడ పేషెంట్ చొక్కా పైకెత్తి స్టెతస్కోప్ పెట్టేదెవరు? పొట్ట నొక్కి, నొప్పి ఎక్కడో అడిగేదెవరు? ఇప్పుడు ప్రభుత్వం వాళ్ల టెలిమెడిసిన్, ఈ-సంజీవని వచ్చింది, 2019 నవంబరు నుంచి. సబ్ సెంటర్లో మీరుంటారు, పెద్దాసుపత్రిలో డాక్టరు. డాక్టర్ చెయ్యి మీ చెయ్యే. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో కూడా ఆరోగ్య కార్యకర్త పేషెంట్ పక్కన ఉండి చూపించడం గురించి రాశారు. మందు రాసే అధికారం మనకి లేదు, అది గుర్తుంచుకోండి, అవతల వీడియో కట్ అయిపోయినా సరే. కానీ ముసలమ్మ "గుండెల్లో దడగా ఉంది" అంటే, అది నిజంగా గుండెదడా, భయమా, గ్యాసా అని నాలుగు ప్రశ్నలు అడిగి డాక్టర్‌కి అందించేది మీరే. తెలుగు రాని డాక్టర్ అయితే మరీనూ. ఆవిడ మాట ఆవిడ మాటగానే చెప్పండి. మీకు తోచింది విడిగా చెప్పండి. రెండూ కలపకండి.

ఒక చిన్న ఆఫీసు పని. ఆంధ్రాలో చదివి ఇక్కడ పనిచేసేవాళ్లు తమిళనాడు కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకున్నారా లేదా చూసుకోండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వాళ్లు నర్సుకి ఇచ్చే గుర్తింపు నంబరు, ఎన్‌యూఐడీ, కూడా తీసుకోండి. పుట్టినతేదీ, ఇంటిపేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉండాలి, పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నవాళ్లు పడే అగచాట్లు నేను చూశాను.

[సభలోంచి ఒక అమ్మాయి: "మేడమ్, ఏఐ వస్తే నర్సుల అవసరం తగ్గిపోతుందంటున్నారు కదా?"]

ఎవరంటున్నారమ్మా? వాళ్లకెప్పుడైనా బెడ్‌ప్యాన్ అవసరమైందా? [నవ్వులు, చప్పట్లు] సరే, నవ్వుకి అన్నాను. ఏ పేషెంట్ పాడవబోతున్నాడో ముందే చెప్పే కంప్యూటర్లు వస్తాయి, వస్తున్నాయి. రానివ్వండి, నాకు సంతోషమే. కానీ అవి దేన్ని చూసి చెబుతాయి? మనం ఎక్కించిన అంకెల్ని చూసి. ఊపిరి పద్దెనిమిది, పద్దెనిమిది, పద్దెనిమిది అని ఎక్కించి, దాని జోస్యం తప్పిందంటే ఎట్లా?

టీ వచ్చేసినట్టుంది, వాసన వస్తోంది. ముందు ఒక పని చేద్దాం. అందరూ ఫోన్లు తియ్యండి. వాట్సాప్ కాదు, గడియారం. సెకన్లు కనబడేది పెట్టుకోండి. మీ ముందు వరసలో కూర్చున్న ఒక మనిషిని ఎంచుకోండి. ఆ మనిషికి చెప్పకండి, చెబితే ఊపిరి మారిపోతుంది. పేషెంట్‌కైనా అంతే, నాడి పట్టుకున్నట్టు చెయ్యి పట్టుకుని, ఛాతీ చూడాలి. ముందు వరస వాళ్లు నన్ను చూసుకోండి, నేను ఊపిరి పీలుస్తూనే ఉన్నాను. [నవ్వులు] నవ్వకండమ్మా, లెక్క తప్పుతుంది. ముప్పై సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చెయ్యడం వద్దు, పూర్తి నిమిషం. పైకి లేచి కిందికి దిగితే ఒకటి.

సరే. మొదలుపెట్టండి.